వత్తుకు చోటు

పోపుల పెట్టె మూత తీసి ఒక్క క్షణం ఆగి చూడండి. గుండ్రటి స్టీలు డబ్బా, లోపల ఏడు గిన్నెలు. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. గుండ్రటి గిన్నె చుట్టూ అదే కొలత గిన్నెలు ఒకదానికొకటి ఆనుకుని సరిగ్గా ఆరే పడతాయి. ఏడోది పట్టదు, అయిదే పెడితే సందు మిగులుతుంది. సంక్రాంతి ముందు పత్రికల్లో ముగ్గు పక్కన "15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు" అని వేస్తారు కదా, ఆ లెక్కలో చెప్పాలంటే మన పోపుల పెట్టె "3 చుక్కలు, సందు చుక్క, 2 వరకు". వాకిట్లో ముగ్గుకీ వంటింట్లో డబ్బాకీ లోపల ఉన్న అల్లిక ఒకటే.

ఇక అందులో రంగులు. మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, పసుపు, జీలకర్ర అన్నీ ఒక్క ఇంటివే, మీగడ తెలుపు దగ్గర మొదలై పసుపు మీదుగా మట్టిరంగు దాకా వెళతాయి. నలుపు ఒక గిన్నె, ఎరుపు ఒక గిన్నె. కన్ను మాత్రం ముందు ఎండుమిరపకాయల మీదే పడుతుంది. మిగతావాళ్లు అణిగి ఉండబట్టే ఆ ఎరుపుకి అంత గొంతు. ఒకసారి ఓ కథల సంపుటికి అట్ట వేస్తూ ఇదే కొలత వాడాను. నేలంతా మినప్పప్పు రంగు, పుస్తకం పేరు ఆవాల నలుపు, రచయిత్రి పేరు కింద ఒక్క సన్నటి మిరప గీత. చూసినవాళ్లు బావుందన్నారు, ఏ దేశపు పుస్తకం చూసి వేశావని అడిగారు. వంటింట్లోంచి అంటే నవ్వారు.

పుస్తకాలకు అట్టలు వేయడం, శుభలేఖలు, ఊరగాయ సీసాలకు లేబుళ్లు, అప్పుడప్పుడు తెలిసినవాళ్ల ఇళ్లకు గోడ రంగులూ కర్టెన్లూ చెప్పడం, ఇదీ నా బతుకుతెరువు. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, "ఐడియాలు ఎక్కడ దొరుకుతాయండీ?" అని. అడుగుతూనే ఫోను తీసి, దాచుకున్న బొమ్మలు చూపిస్తారు. వేలల్లో ఉంటాయి. అన్నీ అందంగానే ఉంటాయి, పైగా ఏ పిల్లాడి ఫోను చూసినా అవే ఉంటాయి.

ఆ బొమ్మలతో ఒక చిక్కుంది. అవన్నీ జవాబులు. ప్రశ్న ఏమిటో ఆ ఫోటోలో ఉండదు. తెల్లటి గోడలు, లేతరంగు చెక్క, ఒకే ఒక కుర్చీ ఉన్న స్వీడన్ ఇళ్ల ఫోటోలు చూసి మనవాళ్లు ముచ్చటపడతారు. స్టాక్‌హోమ్‌లో డిసెంబరులో పగలు ఆరు గంటలే. అదీ ఏటవాలుగా, పలచగా పడే ఎండ. ఆ కాస్త వెలుతురూ వృథా పోకుండా గది నిండా తిప్పుకోవడానికి వాళ్లు గోడలకు తెలుపు, నేలకు లేత చెక్క పట్టుకున్నారు. అదే గదిని బెజవాడలో పడమటి కిటికీ ఉన్న ఫ్లాటులో కడితే, మే నెల సాయంత్రం అందులో కళ్లు చికిలించకుండా కూర్చోలేం. మన పల్లెటూరి మండువా ఇంట్లో వెలుతురు నడి మండువాలో పడి, అక్కడినుంచి వసారా కిందుగా మెత్తబడి గదిలోకి వచ్చేది. గోడకు సున్నం తెలుపే. అయినా కొట్టేది కాదు, ఎండ నేరుగా దాని మీద పడదు కాబట్టి. రెండు చోట్లా తెలుపే, కారణాలు మాత్రం ఒకదానికొకటి ఎదురు.

ఈ కారణం అడగడం నేను కాలేజీలో నేర్చుకోలేదు. బందరులో మా ఇంటి ఎదురరుగు మీద నేర్చుకున్నాను. బోర్డులు రాసే పెద్దాయన ఒకరు అక్కడ అద్దెకుండేవారు. రేకు బోర్డుకి నేలరంగు వేసి ఆరబెట్టి, రంగుపొడి పూసిన దారాన్ని ఇద్దరు చెరో పక్కా పట్టుకుని లాగి వదిలితే, బోర్డు మీద సన్నటి గీత పడేది. దారం రెండో కొస పట్టుకునే పని నాది. గీతలు పడ్డాక అక్షరాలు మొదలుపెడతారని చూస్తుంటే, ఆయన కింద ఉన్న ఖాళీలో అక్కడక్కడా సుద్దతో చుక్కలు పెట్టేవారు.

"అదేంటి బాబాయ్ గారూ, అక్షరాలు పైన రాయాలి కదా?"

"ఇవి వత్తులకమ్మా. ముందు వాటికి చోటు చూస్తే తలకట్లు వాటంతటవే సర్దుకుంటాయి. పైనుంచి మొదలెట్టుకొస్తే లక్ష్మీ దగ్గర కాలు చాపుకోడానికి చోటుండదు."

ఆరోజు బోర్డు "శ్రీ లక్ష్మీ వస్త్రాలయం". ఏ ఊరు వెళ్లినా కనిపించే పేరు. రాసి చూడండి, ఎంత గడ్డు పేరో తెలుస్తుంది. శ్రీలో క్రావడి ఎడమకు చుట్టుకు వస్తుంది, పైన గుడిదీర్ఘం. లక్ష్మీలో ష వత్తు, మ వత్తు రెండూ దిగాలి, పైన మళ్లీ గుడిదీర్ఘం. వస్త్రాలో త వత్తు, దానితో క్రావడి. మూడు మాటల్లోనూ పైకీ కిందికీ ఇంత చేటు సరంజామా. ఇంగ్లీషు అక్షరాలు దాదాపు రెండు గీతల మధ్య బుద్ధిగా కూర్చుంటాయి, కొన్నిటికే తోకలుంటాయి. మన అక్షరం మూడంతస్తుల్లో బతుకుతుంది.

ఆయన ఇంకో మాట అనేవారు. "బోర్డు చదివేవాడు నిలబడి చదవడమ్మా. సైకిలు మీద పోతా చదువుతాడు." అందుకని అక్షరం లావుగా ఉండాలి, మాటకీ మాటకీ మధ్య ఎడం బాగా ఉండాలి, వరసలు మూడు మించకూడదు. కొట్టు యజమాని వచ్చి ప్రొప్రయిటర్ పేరు, "సరసమైన ధరలకు" అన్న ముక్క, మూల వెంకటేశ్వరస్వామి బొమ్మ, ఫోన్ నంబరు అన్నీ పట్టించమంటే, ఈయన మాట్లాడకుండా బోర్డుని అవతలి గోడకు ఆనించి, యజమానిని రోడ్డుకి అటుపక్క నిలబెట్టేవారు. సుద్దతో రాసినవి చదవమనేవారు. చదవలేకపోతే యజమానే ఒకటి రెండు కొట్టేయించుకునేవాడు. అక్షరానికి నీడ వేసే ముందు కొట్టు ముందు బల్బు ఏ పక్క వేలాడుతుందో అడిగేవారు. నీడ దానికి ఎదురుపక్కన పడాలి. లేకపోతే రాత్రిపూట అక్షరం పల్లంగా ఉన్నట్టు కనబడుతుందట. పని అయ్యాక కింది మూల చిటికెన వేలంత సంతకం చేసేవారు. దానికి మాత్రం ఏ యజమానీ అభ్యంతరం చెప్పగా నేను చూడలేదు.

ఇవాళ నా పనిలో అన్నిటికంటే ఎక్కువగా అక్కరకొస్తున్నది ఆ వత్తుల చుక్కే. మనకు దొరికే శుభలేఖ నమూనాలు, కరపత్రాల నమూనాలు చాలావరకు ఇంగ్లీషు అక్షరాలకు కొలిచి కుట్టినవి. వాటిలో ఇంగ్లీషు తీసేసి తెలుగు పోస్తే పై వరస వత్తులు కింది వరస గుడుల్ని కొడతాయి. ఏ ఫ్లెక్సీ చూసినా ఈ తొక్కిసలాట కనిపిస్తుంది. చాలామంది అక్షరం సైజు తగ్గించి సర్దుతారు. అప్పుడు అక్షరం చిన్నదవుతుంది, ఇరుకు అలాగే ఉంటుంది. నేను పేజీ మొదలుపెట్టే ముందు, ఆ రాతలో అన్నిటికన్నా లోతుగా దిగే మాటేదో వెతికి ముందు దాన్ని రాస్తాను. స్వాతంత్ర్యమో, రాష్ట్రమో, లక్ష్మో. దానికి ఊపిరాడేంత ఎడం చూసుకుని వరసల దూరం కడతాను. అక్షరం ఎత్తుకి ఒకటిన్నర రెట్లకు తగ్గను. ఇప్పుడు పెద్దన, తిమ్మన, ధూర్జటి అంటూ అష్టదిగ్గజాల పేర్లతో ఉచితంగా తెలుగు ఫాంట్లు దొరుకుతున్నాయి. బాపు చేతిరాత కూడా ఫాంటయింది. మంచి రోజులే. కానీ ఫాంటులో ఏ అక్షరమైనా పక్కన ఎవరున్నా ఒకేలా ఉంటుంది. బాపు పుస్తకం అట్ట మీద పేరు రాస్తే ఒక అక్షరం జరిగి పక్కదానికి చోటిచ్చేది. అంత చేయలేకపోయినా, టైపు చేశాక చేత్తో జరపడం మనవల్ల అవుతుంది.

1958లో అమెరికన్ డిజైనర్లు చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వం కోరిన మీదట దేశమంతా తిరిగి ఒక నివేదిక ఇచ్చారు. అహ్మదాబాదులో 1961లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వెలిసింది దాని చలవతోనే. ఇండియాలో తాము చూసి మెచ్చుకున్న వస్తువుల్లో వాళ్లు పై పీట వేసింది చెంబుకి. తాజ్‌మహల్ ఉన్న దేశంలో చెంబు! అందంగా ఉందని చెప్పి వదిలేయలేదు. ఇలాంటి చెంబు ఒకటి కొత్తగా తయారుచేయాలంటే ఏమేం ఆలోచించాలో వరసగా రాసుకుంటూ పోయారు. ఎంత నీరు పట్టాలి, మోసేది ఎవరు, వాళ్ల చెయ్యి ఎంత, తల మీద పెడతారా, చంకనా, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎక్కడ నిలుస్తుంది, ఖాళీ అయితే ఎక్కడ, వంపితే నీళ్లు ఎలా పడతాయి, తోమడానికి చెయ్యి లోపలికి వెళుతుందా, కళ్లు మూసుకుని పట్టుకుంటే చేతికి ఎలా ఉంటుంది, ఇంకో పాత్రకు తగిలితే ఏం చప్పుడు చేస్తుంది, పాడయ్యాక అమ్మితే ఎంతొస్తుంది. ఇన్ని ప్రశ్నలకు ఏ ఒక్కడూ కూర్చుని జవాబు గీయలేదనీ, తరతరాల వాడకంలో ఆ రూపం తేలిందనీ వాళ్ల భావం. నేను ఆ నివేదిక చదివేటప్పుడు నాకు రోడ్డుకి అటుపక్క నిలబెట్టిన కొట్టు యజమాని గుర్తొచ్చాడు. అడిగినవాళ్లు వేరు, అడిగిన పద్ధతి ఒకటే.

ఈ ప్రశ్నల పద్ధతి పనిలో ఎలా దిగుతుందో ఒక లేబులు సంగతి చెబుతాను. ఇంట్లో ఆవకాయ పెట్టి సీసాల్లో అమ్మే ఒకావిడ నా దగ్గరకు వచ్చారు. "సంప్రదాయం ఉట్టిపడాలండీ" అన్నారు. ఆ మాట వినగానే ఏ డిజైనర్ చెయ్యయినా తనంతట తాను మామిడిపిందె, ముగ్గు, కొప్పు పెట్టుకున్న బామ్మ వైపు పోతుంది. నేను వాళ్లింట్లో జాడీ చూపించమన్నాను. జాడీకి మెడ దగ్గర గాడి ఎందుకు? వాసెన కట్టిన తాడు జారకుండా. లోపలా బయటా ఆ నున్నటి మెరుగెందుకు? ఉప్పూ పులుపూ తినేయకుండా. వాళ్లమ్మగారు ఆవకాయ తీసేటప్పుడు చూశాను. మూతి దగ్గర నూనె ఎప్పుడూ ఒక చార కింద కారుతుంది, చెయ్యి భుజం దగ్గర పట్టుకుంటుంది. లేబులు అక్కడుంటే వారం రోజుల్లో జిడ్డోడి అట్టముక్క అవుతుంది. కనుక లేబుల్ని సీసా కింది భాగంలోకి దించాం. నూనె కారే పక్క అసలు అతికించకుండా వదిలేశాం. ఎరుపు వాడలేదు. గాజులోంచి ఆవకాయే కావలసినంత ఎరుపు ఇస్తుంది, మళ్లీ సిరా ఎందుకు? మూత మీద గుడ్డ, దానికి తాడు. గుడ్డ అలంకారానికి కాదండోయ్, దాని అంచు మీద ఊరబెట్టిన తేదీ చేత్తో రాస్తారు. మామిడిపిందె ఎక్కడా లేదు. కొన్నవాళ్లు మాత్రం అచ్చం అమ్మమ్మ ఇల్లులా ఉందన్నారట.

రంగుల దగ్గర మన ఆడవాళ్లకు తెలిసినంత శాస్త్రం చాలామంది డిజైనర్లకు తెలియదు. చీర నచ్చాక డబ్బు కట్టే ముందు దాన్ని కొట్టు గుమ్మం దాకా పట్టుకెళ్లి పగటి వెలుతుర్లో చూడని మా అమ్మ వయసు మనిషిని నేను ఎరగను. మ్యాచింగ్ సెంటర్లో జాకెట్టు గుడ్డ కొనేటప్పుడూ అంతే. ట్యూబులైటు కింద కలిసిన రెండు రంగులు ఎండలో విడిపోవచ్చు, రంగు వస్తువుతో పాటు దాని మీద పడే వెలుతురుది కూడా కాబట్టి. ఇంటికి రంగు ఎంచేటప్పుడు మాత్రం అదే మనుషులు పెయింటు కొట్టులో, అగ్గిపెట్టెంత ముక్క చూసి గది మొత్తానికీ చెప్పేస్తారు. చిన్న ముక్కలో లేతగా కనబడ్డ రంగు నాలుగు గోడలూ పరుచుకుంటే చిక్కబడుతుంది, గోడ గోడకూ ఒకదాని రంగు ఇంకోదాని మీద కొడుతుంది. అరలీటరు డబ్బా తెచ్చి, గోడ మీద తలుపంత మేర పూసి, పొద్దున ఒకసారి, మూడు గంటలకు ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి చూడమంటాను. బల్బు డబ్బా మీద కూడా ఒక కన్ను వేయండి. 6500 కెల్విన్ అని ఉంటే నీలం కలిసిన తెలుపు, 2700 లేదా 3000 అంటే పాత బల్బుల పసుపు. మన ఇళ్లల్లో చాలావరకు మొదటి రకమే. దాని కింద గంధం రంగు గోడ బూడిద తిరిగిపోతుంది, తప్పు పెయింటు కంపెనీ మీద పడుతుంది.

ఫ్రాన్సులో ఇలాంటి తప్పే ఒకప్పుడు అద్దకం వాళ్ల మీద పడింది. పారిస్‌లో గోబెలిన్ అనే రాజుగారి గోడతెరల నేతశాల ఉండేది. 1824లో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తను అక్కడ అద్దకాల మీద అధికారిగా వేశారు. నల్లదారం సరైన నలుపు రావడం లేదని ఫిర్యాదు. ఆయన దారాలు పరీక్షించి చూస్తే అద్దకంలో లోపమేమీ లేదు. నీలం, ఊదా దారాల పక్కన నేసినప్పుడే నలుపు వెలిసినట్టు కనబడుతోంది. గొడవ రంగుది కాదు, ఇరుగుపొరుగుది. ఆ దారం పట్టుకుని పోయి 1839లో ఆయన రాసిన పుస్తకం తర్వాతి చిత్రకారులెందరికో పాఠ్యగ్రంథం అయింది. మన చీరల్లో చూడండి, బాడీకీ అంచుకీ మధ్య చాలాసార్లు సన్నటి తెల్లగీతో జరీ గీతో ఉంటుంది. రెండు ముదురు రంగులు నేరుగా రాసుకోకుండా, దేని రంగు దానికి నిలబడేలా చేసే గీత అది. కర్టెన్ కుట్టించేటప్పుడు, ముదురాకుపచ్చకి మెరూన్ అంచు వేయాలనుకుంటే మధ్యలో అరంగుళం పచ్చి కోరా గుడ్డ పెట్టించండి. కుట్టేవాడు అనవసరం అంటాడు, పట్టుబట్టండి.

ఇప్పుడు అసలు తగాదా దగ్గరకొద్దాం. కలంకారీ, ఇకత్, చేర్యాల బొమ్మ, ఏటికొప్పాక లక్క వీటిని "వాడుకోవడం" గురించి. బందరు పిల్లని కాబట్టి పెడన పక్కనే. అక్కడ కలంకారీ అద్దేవాళ్ల షెడ్డులో గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో ముంచుతారు. ఇనుమూ బెల్లమూ కలిపి పులియబెట్టిన నీళ్లతో గీతల అచ్చు వేస్తే, కరక్కాయతో కలిసి అక్కడికక్కడే నల్లబడుతుంది. ఎర్రగా రావలసిన చోట అద్దేది పటిక నీళ్లు. అద్దినప్పుడు అక్కడ ఎరుపు ఉండదు. తర్వాత గుడ్డను ఎర్రరంగు నీళ్లలో ఉడకబెడితే పటిక తగిలిన చోటే రంగు పట్టుకుంటుంది, మిగతాది వాగులో పోతుంది. ప్రతి రంగుకీ ఇంకో టేకు అచ్చు చెక్కాలి, ఇంకోసారి ఉతికి ఆరేయాలి. కలంకారీలో రంగులు ఎందుకు తక్కువో, బొమ్మ చుట్టూ ఆ నల్ల గీత ఎందుకు ఉంటుందో అక్కడ నిలబడితే తెలుస్తుంది. ఒక అచ్చుకీ ఇంకో అచ్చుకీ వెంట్రుకవాసి తేడా వస్తే దాన్ని ఆ గీత దాస్తుంది.

ఇకత్ కథ వేరే. పోచంపల్లి, పుట్టపాక వైపు దీన్ని చిటికి అంటారు. గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కపెట్టి బొమ్మ వేసుకుని, నూలును ఆ లెక్కన కట్టి, రంగులో ముంచి, విప్పి, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. నేసేటప్పుడు దారాలు ఇసుమంత అటూఇటూ జరుగుతాయి. ఆ జరగడం వల్లే బొమ్మ అంచు మసకగా, మంచులో చూసినట్టు వస్తుంది. పుట్టపాక తేలియా రుమాలులో నూలును నూనె, ఆముదపు కాయల బూడిదతో మళ్లీ మళ్లీ నానబెడతారు. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే రంగులు.

ఇప్పుడు బజార్లో దిండు గలీబుల మీద, గోడ కాగితాల మీద, ఆఖరికి డైరీ అట్టల మీద "ఇకత్ ప్రింటు" కనిపిస్తుంది. కంప్యూటర్లో అంచుల్ని పనిగట్టుకుని మసకబరిచి అచ్చేసిన ఇకత్. దారం లేని చోట దారం జరిగినట్టు నటన. నాకది నచ్చదు. చాదస్తం అనుకున్నా సరే. నేత గుడ్డ కావాలంటే నేత గుడ్డే కొనండి. ఒక్క మూర కొని చట్రం కట్టించి గోడకు పెట్టినా నేసినవారికి కూలి ముడుతుంది. అట్ట వేయాల్సి వస్తే ఆ నేతలోంచి పద్ధతి తీసుకోవచ్చు. గళ్ల లెక్కతో బొమ్మ కట్టడం, మూడు రంగుల్లో ముగించడం. స్విట్జర్లాండ్ డిజైనర్ యోసెఫ్ ముల్లర్ బ్రాక్‌మన్ 1981లో గ్రిడ్ల మీద రాసిన పుస్తకం మా వృత్తిలో పెద్దబాలశిక్ష లాంటిది. గళ్ల మీద నిలబడి పేజీ కట్టమనే అదీ చెబుతుంది. పుట్టపాక మగ్గం దగ్గర ఒక రోజు కూర్చుంటే అందులో సగం అర్థమవుతుందని నా నమ్మకం.

అయితే అరువు తీసుకోవడమే తప్పనే వాదనలో నేను లేను. హిందూపురం దగ్గర లేపాక్షి వెళ్లండి. 16వ శతాబ్దపు విజయనగర కాలం నాటి వీరభద్రాలయం అది. పైకప్పు చిత్రాల్లో మనుషులు కట్టుకున్న బట్టలు చూడండి, ఒక్కొక్కరి చీర ఒక్కో రకం. లతా మండపం స్తంభాల మీద తీగలు, పూలు, హంసలు చతురస్రాల్లో చెక్కి ఉంటాయి. చీరల అంచులు వేసేవాళ్లు తరాలుగా అక్కడికి వచ్చి వాటిని గీసుకుపోతున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ హస్తకళల దుకాణాల పేరు కూడా లేపాక్షే. ఆ శిల్పి ఏ నేతగుడ్డ చూసి చెక్కాడో, నేతగాడు ఏ రాయి చూసి నేశాడో ఎవరు తేల్చగలరు? గుడ్డ మీంచి రాతి మీదికి, రాతి మీంచి మళ్లీ గుడ్డ మీదికి. కానీ రాయి వెంట్రుకలాంటి గీతను నిలుపుకోలేదు, కనుక శిల్పి తీగను లావు చేశాడు. మగ్గం మీద వంపు మెట్లు మెట్లుగా వస్తుంది, కనుక నేతగాడు హంస మెడను మెట్లలో తిప్పాడు. తీసుకున్న ప్రతివాడూ తన పనిముట్టుకి లొంగేలా మార్చుకున్నాడు. మార్చకుండా అతికించినప్పుడే అది దొంగసొత్తులా కనిపిస్తుంది.

ఇంటి అలంకరణలో ఈ అతికింపు మరీ ఎక్కువ. హాల్లో ఇత్తడి గంగాళం, నిండా నీళ్లు, ప్లాస్టిక్ తామరలు. పక్కన తిరగలి రాయి, దాని మీద పూలకుండీ. వాడిన వస్తువులకు పెన్షన్ ఇచ్చి కూర్చోబెట్టినట్టు. అందులో తప్పేం లేదు, నాకే ఆ గదుల్లో కాస్త దిగులేస్తుంది. మా ఇంట్లో చెంబుతో ఇప్పటికీ నీళ్లు తాగుతాం, పూజ లేని రోజుల్లో అందులోనే పూల రెమ్మలు పెడతాం. గోడ మీద ఒకే ఒక చట్రం ఉంది, లోపల మా అమ్మ ముగ్గుల నోటుపుస్తకంలో ఒక పేజీ. చుక్కలు పెట్టి, గీత తప్పి, కొట్టేసి మళ్లీ మొదలుపెట్టిన పేజీ.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పే పని చిన్నది. ఫోటో తీయండి, వద్దనను. కానీ తీసిన ఫోటో కింద ఒక్క వాక్యం "ఎందుకంటే" అన్న మాటతో మొదలుపెట్టి రాయండి. గాజుల కొట్లో డజన్లు రంగువారీగా కాకుండా కొలతవారీగా ఎందుకు పేర్చారు? టీ కొట్టు గాజు గ్లాసుకి ఆ నిలువు చారలెందుకు? గడపకు పసుపు పూసి కుంకుమ బొట్లు ఎడం ఎడంగా ఎందుకు పెడతారు, వరసగా గీత గీయకుండా? జవాబు తెలియకపోతే కొట్టు మనిషిని అడగండి, అమ్మని అడగండి. ఊహించి రాయకండి. ఊహించి రాసినవి నమ్మదగ్గట్టే ఉంటాయి, పనిలోకి దిగాక తేలిపోతాయి. ఇలా వాక్యం రాయగలిగిన ఫోటోలు తక్కువే మిగులుతాయి. అక్కరకొచ్చేవి ఆ తక్కువే.

ఒక విన్నపం. మీ ఊళ్లో చేత్తో బోర్డులు రాసేవారు ఇంకా ఉంటే, మీ కొట్టుకో, బడి గోడకో, ఇంటి పేరుకో వాళ్లకు పని ఇవ్వండి. ఫ్లెక్సీ కంటే ఖర్చు కాస్త ఎక్కువే, నాలుగు రోజులు ఆగాలి కూడా. పాత బోర్డు ఒకటి మీ వీధిలో ఉంటే, దాని మీద వినైల్ పడక ముందే ఫోటో తీసి పెట్టండి. ఆ ఫోటో ఎక్కడ వాడుకున్నా, బోర్డు కింది మూలనున్న సంతకాన్ని మాత్రం కత్తిరించకండి.